దీపంతో పాటు చిట్టా కూడా పట్టిన నైటింగేల్

అలిపిరి నుంచి నడిచి కొండెక్కే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఈ సంగతి మీకు కొత్త కాదు. పాదాల మండపం దగ్గరికి చేరగానే ముందు బరువు దించుకుంటాం. బ్యాగులన్నీ లగేజీ కౌంటర్లో ఇచ్చేసి, రశీదు జేబులో పెట్టుకుని, గోవింద నామం చెప్పుకుంటూ మొదటి మెట్టు మీద కాలు పెడతాం. సామాను దేవస్థానం బండిలో పైకి పోతుంది. మనం 3,550 మెట్లూ ఎక్కి పైన తీసుకుంటాం. ఏర్పాటు చక్కగానే ఉంటుంది. గాలి గోపురం దాటాక పెద్దాయనకు ఆయాసం వచ్చిందనుకోండి, అప్పుడు మొదలవుతుంది చిక్కు. ఆయన పీల్చే మందు ఏ బ్యాగులో ఉంది? నీలం బ్యాగులోనా, అత్తయ్య చేతి సంచిలోనా? ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మందు కొన్నారు, ఇంటి నుంచి తెచ్చారు, అది కొండమీదికి కూడా చేరిపోయింది. కావలసిన మనిషి దగ్గర మాత్రం లేదు.

సరిగ్గా ఇదే చిక్కు 1854 చలికాలంలో ఒక సైన్యాన్నే కుంగదీసింది. మందులున్నాయి, చొక్కాలున్నాయి, దుప్పట్లున్నాయి. ఏది ఎక్కడుందో, ఎంతుందో, ఎవరు ఇవ్వాలో తెలియక సైనికులు నేలమీద పడి చనిపోయారు. ఆ గోదాముల తాళాలు తీయించి, సైనిక వైద్య సామగ్రికి పద్దు నేర్పిన మనిషి గురించి మీరు చిన్నప్పుడే చదువుకున్నారు. ఆమె చేతిలో దీపం ఉన్నట్టు మీ పాఠ్యపుస్తకంలో బొమ్మ కూడా ఉండి ఉంటుంది. ఆమె ఫ్లోరెన్స్ నైటింగేల్. బొమ్మ గీసినవాళ్లు రెండో చేతిలో ఉండాల్సిన చిట్టా పుస్తకాన్ని మరిచిపోయారు. ఆమె జీవితాన్ని ఆ పుస్తకం వైపు నుంచి చూద్దాం.

గవ్వలకూ జాబితా

ఫ్లోరెన్స్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది. ఊరి పేరే బిడ్డకు పెట్టారు. అక్క నేపుల్స్‌లో పుట్టింది కాబట్టి ఆ ఊరి ప్రాచీన గ్రీకు పేరు పార్థెనోపీ ఆమెకు వచ్చింది. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్ సంపన్నుడు. ఇంగ్లండులో ఎండాకాలానికి ఒక బంగళా, చలికాలానికి మరొకటి. కూతుళ్లకు గ్రీకు, లాటిన్, చరిత్ర ఆయనే స్వయంగా చెప్పాడు. చిన్నమ్మాయికి మాత్రం లెక్కలంటే ప్రాణం. ఏరుకొచ్చిన గవ్వలను కూడా పట్టికలు గీసి రాసుకునేదట. పిల్లల్లో ఇలాంటి లక్షణం కనిపిస్తే మనం ముచ్చటపడి మరిచిపోతాం. ఆమెలో అది మరుగున పడలేదు.

పదిహేడో ఏట, రోగుల సేవే తన పని అని ఆమెకు అనిపించింది. ఇంట్లో చెబితే తల్లి, అక్క కంగారుపడ్డారు. ఆ రోజుల్లో ఆసుపత్రి నర్సు అంటే చదువూ పద్ధతీ లేని మనిషని లోకం అనుకునేది. మంచి సంబంధాలు వచ్చాయి, ఆమె కాదంది. పెళ్లీడు దాటిపోతోందని బంధువులు నొచ్చుకున్నారు. మన ఇళ్లలో జరగని కథేమీ కాదు ఇది. చివరికి 1851లో, ముప్పై ఒకటో ఏట, జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో కొన్ని నెలలు శిక్షణకు వెళ్లగలిగింది. 1853లో లండన్ హార్లే స్ట్రీట్‌లో, జబ్బుపడిన మధ్యతరగతి స్త్రీల కోసం నడిపే చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలైంది.

అక్కడ ఆమె చేసినది చూస్తే ఒక గట్టి ఇల్లాలు కనిపిస్తుంది. వేడినీళ్లు ప్రతి అంతస్తుకూ గొట్టంలో వచ్చేలా చూసింది. భోజనం పైకి పంపేందుకు చిన్న లిఫ్టు పెట్టించింది. రోగి గంట మోగిస్తే ఏ గదిలోంచి మోగిందో నర్సుకు తెలిసే ఏర్పాటు చేసింది. సరుకులు చిల్లరగా కాక టోకున కొనిపించింది. దుప్పట్లు, గిన్నెలు లెక్కబెట్టించింది. ఏడాది తిరిగేసరికి యుద్ధం పిలిచింది.

ఫిరంగుల కింద మందుల పెట్టెలు

1854 మార్చిలో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి టర్కీ పక్షాన రష్యా మీద యుద్ధం ప్రకటించాయి. పోరు నల్లసముద్రం ఒడ్డున క్రిమియా ద్వీపకల్పంలో జరిగింది. గాయపడినవాళ్లను ఓడల్లో సముద్రం దాటించి, ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున స్కుటారిలో ఉన్న పెద్ద బ్యారక్‌ను ఆసుపత్రిగా మార్చి అక్కడికి చేర్చేవారు. అక్కడి దుస్థితిని టైమ్స్ పత్రిక లండన్‌లో అచ్చువేసింది. దేశం గగ్గోలెత్తింది. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్‌కు పాత స్నేహితుడు. ఆయన కోరిక మీద ఆమె 38 మంది నర్సులతో 1854 అక్టోబరు 21న బయల్దేరి నవంబరు 4న స్కుటారిలో దిగింది.

సామగ్రికి లోటేమీ లేదని సైన్యపు వైద్యాధికారి లండన్‌లో ఆమెకు భరోసా ఇచ్చాడు. కాగితం మీద ఆయన మాట అబద్ధం కాదు. అయినా దారిలో మార్సెయిల్స్ రేవులో ఆమె తన సొంత నిర్ణయంతో పొయ్యిలు, ఆహార పదార్థాలు కొని ఓడకెక్కించింది. మందుల డబ్బాలో అన్నీ ఉన్నాయి అని ఎవరైనా చెబితే మూత తీసి చూసుకునే మనుషులుంటారు చూడండి, ఆ తరహా మనిషి.

స్కుటారిలో ఆమెకు కనిపించింది ఇది. గచ్చు మీద, వసారాల్లో, సందుల్లో రోగులు. పడకలన్నీ వరసపెడితే మైళ్ల పొడవు. మొహం కడగడానికి పళ్లెం లేదు, తువ్వాలు లేదు, సబ్బు లేదు, చెంచా లేదు. ఒంటిమీద చొక్కా రక్తంతో అట్టకట్టి ఉంటే మార్చడానికి మరొకటి లేదు. మరి లండన్ నుంచి పంపినవన్నీ ఏమయ్యాయి?

కొన్ని బల్గేరియాలోని వార్నా రేవుకు పోయాయి, అప్పటికి సైన్యం అక్కడి నుంచి క్రిమియాకు కదిలిపోయింది. కొన్ని మందుల పెట్టెలు ఓడ అడుగున, ఫిరంగుల కిందా గుండ్ల కిందా ఇరుక్కుని, స్కుటారిలో దించే వీలులేక బాలక్లావాకు వెళ్లి అలాగే తిరిగొచ్చేవి. కొన్ని టర్కీ సుంకం గోదాములో మాయమయ్యాయి. చలిబట్టలతో వచ్చిన ప్రిన్స్ అనే ఓడ నవంబరు 14 తుపానులో బాలక్లావా రేవు బయట మునిగిపోయింది. తుపానుకు ఎవరేం చేస్తారు? మిగతావన్నీ మాత్రం మనుషుల చేతిలో ఉన్నవే. పెట్టె మీద లోపల ఏముందో, ఎవరికో, ఏది ముందు దించాలో చూసుకునేవాడు ఉంటే తప్పిపోయేవి.

ఆసుపత్రి లోపలి కథ మరీ విచిత్రం. నియమం ప్రకారం సైనికుడు తన చొక్కా, చెంచా, ఫోర్కు తన సంచిలో తెచ్చుకోవాలి. యుద్ధరంగంలో పైఅధికారులే సంచులు వదిలి నడవమన్నారు. సంచి లేనివాడికి స్టోరులోంచి ఇవ్వడానికి నియమం లేదు. కాబట్టి ఇవ్వలేదు. ఇక్కడ స్టోర్స్ అధికారిని తిట్టడం సులువే. కానీ ఒక్క చొక్కా అదనంగా ఇచ్చినా లెక్క తేలకపోతే తన జీతంలోంచి కట్టాలేమో అన్న భయంలో బతికిన చిన్న ఉద్యోగి అతను. అతని పద్దు పుస్తకం స్టోరును కాపాడటానికి పుట్టింది, రోగిని కాపాడటానికి కాదు. తేడా అంతా అక్కడుంది.

ఒకసారి ఆమె అడిగిన మీదట 27,000 చొక్కాలు వచ్చి రేవులో దిగాయి. తనిఖీ బోర్డు కూర్చుని చూసేదాకా కట్టలు విప్పకూడదని స్టోర్స్ అధికారి పట్టుబట్టాడు. బోర్డు కూర్చునేసరికి మూడు వారాలు. చలికి వణుకుతున్న మనుషులకూ ఆ చొక్కాలకూ మధ్య ఒక గోడే అడ్డం. ఇలాంటిదే మరోసారి జరిగితే ఆమె ఆగలేదు. పెట్టెలు పగలగొట్టించి పంచింది.

తిరుమల ఆలయంలో ప్రసాదాల తయారీకి ఏ సరుకు ఎంత అన్నదానికి దిట్టం అని ఒక లెక్క ఉంటుందని మీరు వినే ఉంటారు. సైన్యానికీ అలాంటి దిట్టమే ఉండేది. దిట్టం మంచిదే, కొలత తప్పకుండా కాపాడుతుంది. క్రిమియాలో అదే ఉరితాడైంది. పళ్ల చిగుళ్లు కుళ్లి, కాళ్లు వాచే స్కర్వీ జబ్బు సైన్యాన్ని పీల్చేస్తున్న రోజుల్లో, దానికి విరుగుడైన నిమ్మజాతి పళ్లరసం సుమారు 20,000 పౌండ్లు డిసెంబరు 10న బాలక్లావా చేరింది. ఫిబ్రవరి దాకా ఒక్క చుక్కా పంచలేదు. కారణం, రోజువారీ రేషన్ పట్టికలో ఆ పేరు లేదు. స్కర్వీ అంటే సి విటమిన్ లోపం అని అప్పటికి తెలియదు గానీ, నిమ్మరసం దాన్ని ఆపుతుందని నావికులకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ, సరుకుండీ, రేవులోనే ఉండిపోయింది.

మాంసం ముక్కకు పాత మేకు

ఆసుపత్రి వంటింటి సంగతి ఒకటి చెప్పాలి. 1855లో అలెక్సిస్ సోయర్ అనే పేరుమోసిన వంటవాడు లండన్ నుంచి వచ్చి ఈ వంటశాలను చూసి నివ్వెరపోయాడు. పెద్ద రాగి గుండిగల్లో వార్డులన్నిటికీ మాంసం ఒకేచోట ఉడికేది. ఎవరి ముక్క ఎవరిదో తెలియాలి కదా. అందుకని ఒక్కో వార్డు పనివాడు తన ముక్కకు ఒక గుర్తు కట్టేవాడు. ఒకడు ఎర్ర గుడ్డపేలిక, ఒకడు పాత మేకు, ఒకడు గుండీ, మరొకడు కత్తెర. చెక్కకు బిగించి కట్టడంతో లోపలి ముక్క ఉడికేది కాదు. మేకుతో సహా ఉడికిన ఆ రసమే రోగులకు.

చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది గానీ, ఆ పనివాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు. గుర్తించే పద్ధతి పైనుంచి రాకపోతే మనిషి తన దారి తాను వెతుక్కుంటాడు. అమ్మమ్మలు షుగరు మాత్రల షీటుకు ఎర్ర దారం, బీపీ మాత్రలకు నల్ల దారం చుట్టుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ దారం తెగితే?

నైటింగేల్ ఆసుపత్రిలోనే సొంత స్టోరు పెట్టింది. టైమ్స్ పత్రిక పాఠకులు పంపిన చందాలు, తన డబ్బు కలిపి ఇస్తాంబుల్ బజారులో సరుకు కొనిపించింది. రెండు నెలల్లో సుమారు 6,000 చొక్కాలు, 2,000 మేజోళ్లు, 500 లోదుస్తులు ఆమె స్టోరులోంచి రోగుల ఒంటిమీదికి చేరాయి. కంచాలు, తగరపు కప్పులు, చెంచాలు సరేసరి. ఇక్కడ ఆమె పెట్టుకున్న నియమం గమనించండి. డాక్టరు చీటీ లేకుండా ఏ వస్తువూ ఇచ్చేది కాదు. ఇచ్చినదల్లా రాసి ఉంచేది. నియమాల మీద ఆమెకు కోపం లేదు. చీటీ రాసిన గంటకు వస్తువు రోగి దగ్గరికి చేరకపోతే ఆ చీటీ ఎందుకన్నదే ఆమె ప్రశ్న.

అంతా ఆమె వల్లే మారిందని చెబితే కథ బాగుంటుంది, నిజం కాదు. ఆమె వచ్చాక కూడా మరణాలు పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందిన ప్రతి 100 మందిలో సుమారు 42 మంది చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య బృందం వచ్చి బ్యారక్ కిందున్న మురుగు తూములు కడిగించింది, గోడలకు సున్నం వేయించింది, గాలి ఆడేలా చేసింది. తాగునీటి కాలువలో గుర్రం కళేబరం దొరికింది. జూన్ నాటికి మరణాలు 100కు రెండుకు దిగాయి. తర్వాత ఈ అంకెలన్నీ వేసుకుని చూసినప్పుడు సైనికుల్ని చంపింది ఎక్కువగా శత్రువు కాదనీ, విరేచనాలు, కలరా, టైఫస్ లాంటి ఆపగలిగిన జబ్బులనీ ఆమెకు స్పష్టమైంది. 1858లో ఆమె గీసిన రంగుల చక్రాల బొమ్మ ఆ మాటనే ఒక్క చూపులో చెబుతుంది. శుభ్రత లేని చోట చొక్కాలు, మందులు ఎన్ని ఉన్నా చాలవు. అదే సమయంలో, అదే చలికాలంలో వచ్చిన మరో విచారణ సంఘం సర్ జాన్ మెక్‌నీల్, కల్నల్ టల్లక్‌లతో కూడినది. సామగ్రి రేవుదాకా వచ్చి సైనికుడిదాకా చేరని తీరును అది పూసగుచ్చినట్టు బయటపెట్టింది.

మంచం మీది నుంచి సైన్యపు పద్దులు

1855 మేలో బాలక్లావా వెళ్లినప్పుడు ఆమెకు తీవ్రమైన జ్వరం వచ్చింది. పశువుల నుంచి, పచ్చిపాల నుంచి సోకే బ్రూసెల్లోసిస్ అయి ఉండొచ్చని ఇప్పటి వైద్యులు చాలామంది భావిస్తున్నారు. ప్రాణం దక్కింది గానీ ఆరోగ్యం తిరిగి రాలేదు. 1856 ఆగస్టులో ఊరేగింపులు తప్పించుకోవడానికి మారుపేరుతో ఇల్లు చేరింది. మరుసటి ఏడాది నుంచి చాలాకాలం మంచం, సోఫా, గది. ఆ గదిలోంచే ఆమె అసలు పని నడిచింది.

సైన్యపు ఆరోగ్యం మీద 1857లో రాయల్ కమిషన్ వేయించింది. వందల పేజీల నివేదిక రాసింది. అందులో ఆమెను బాగా కలవరపెట్టిన సంగతి ఒకటుంది. స్కుటారిలో చనిపోయినవాళ్ల సంఖ్య ఒక్కో రిజిస్టరులో ఒక్కోలా ఉంది. మనుషుల్ని పాతిపెట్టారు, లెక్క మాత్రం కుదరలేదు. ఒకే జబ్బుకు ఒక ఆసుపత్రి ఒక పేరు, ఇంకోటి మరో పేరు రాసేవి. అందుకే గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి అన్ని ఆసుపత్రులకూ ఒకే నమూనా పత్రం, జబ్బులకు ఒకే పేర్ల పట్టిక తయారుచేసింది. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందు అది పెట్టారు. 1860ల మొదట్లో సైనిక వైద్య విభాగానికి ఖర్చులు, సరుకుల లెక్క రాసే పద్ధతిని కూడా ఆమె రూపొందించింది. దశాబ్దాల తర్వాత కూడా బ్రిటిష్ సైన్యం ఆ పద్ధతిలోనే నడిచింది.

ఆమె పని స్ఫూర్తినిచ్చిందని చెప్పుకున్న హెన్రీ డ్యునాంట్ చొరవతో 1864లో జెనీవా ఒప్పందం కుదిరింది. తెల్లగుడ్డ మీద ఎర్ర శిలువ సైనిక వైద్య సేవల గుర్తయింది. దూరం నుంచి చూసినా, భాష తెలియకపోయినా, ఈ బండిలో ఉన్నది మందే అని తెలిసే గుర్తు. మన వీధి క్లినిక్కుల బోర్డుల మీద దాన్ని ఇష్టమొచ్చినట్టు వేసుకుంటున్నారు గానీ, 1960 నాటి చట్టం ప్రకారం అది తప్పు.

ఆ తర్వాత ఆ గుర్తుకు అంకెలు తోడయ్యాయి. నాటో దేశాల సైన్యాల్లో సూది నుంచి స్ట్రెచర్ దాకా ప్రతి వస్తువుకూ 13 అంకెల నంబరు ఉంటుంది. మొదటి నాలుగంకెలు దాని జాతి చెబుతాయి. 6505 అంటే మందులు, 6510 అంటే గాయాలకు వేసే కట్లు, 6515 అంటే వైద్య పరికరాలు. మన సైన్యంలో పీవీఎంఎస్, అంటే ప్రైస్డ్ వొకాబులరీ ఆఫ్ మెడికల్ స్టోర్స్ అనే పట్టిక ఉంది. ఇందులో కిటుకు ఏమిటంటే, కంపెనీ పెట్టిన బ్రాండు పేరు ఏదైనా సరే, లోపలి మందు, దాని మోతాదు ఒకటైతే నంబరు ఒకటే. సరిహద్దులోని నర్సింగ్ అసిస్టెంటుకు డబ్బా రంగు మారినా తికమక ఉండదు.

మీ ఇంటి గూట్లో

ఈ కిటుకు మీ ఇంటికి ఎంత అవసరమో ఒకసారి చూడండి. అమ్మకు ఊళ్లో డాక్టరు ఒక బీపీ మాత్ర రాశారు. తిరుపతిలో చూపించినప్పుడు ఇంకో డాక్టరు అదే మందును వేరే కంపెనీ పేరుతో రాశారు. పేర్లు వేరు, రంగులు వేరు. ఆమె రెండూ మింగుతుంది. నిలబడగానే తూలి పడిపోతే వయసు మీద పడిందనుకుంటాం. జ్వరం మాత్ర ఒకటి, జలుబు మాత్ర ఒకటి వేసుకుంటాం. రెంటిలోనూ పారాసిటమాల్ ఉంటుంది. పెద్దవాళ్లకు కూడా అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు మించకూడదు, మించితే కాలేయం దెబ్బతింటుంది. కాలేయ జబ్బున్నవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ. కాబట్టి షీటు మీద పెద్దక్షరాల్లో ఉన్న బ్రాండు పేరు కాదు, దానికి దగ్గర్లో అచ్చువేసిన అసలు మందు పేరు, మిల్లీగ్రాములు చూడటం అలవాటు చేసుకోండి. చిట్టాలో రాసుకోవలసింది అదే.

మెడికల్ షాపులో షీటు కత్తిరించి నాలుగు మాత్రలు ఇస్తారు. గడువు తేదీ ఉన్న కొస షాపులోనే ఉండిపోతుంది. పేరూ తేదీ ఉన్న ముక్కను అడిగి తీసుకోండి. ఇంట్లో కూడా ఆ కొసను చివరికి వాడేలా రెండో వైపు నుంచి మాత్రలు తీయండి. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ లేదా బార్ కోడ్ తప్పనిసరి చేశారు. మీ పిల్లలు ఫోనుతో చదివితే అసలు మందు పేరు, బ్యాచి, తయారీ తేదీ, గడువు కనిపిస్తాయి. పాత డబ్బాల్లో కొత్త మాత్రలు పోయడం మాత్రం వద్దే వద్దు. అది పెట్టె ఒకటి, సరుకు ఒకటి చేయడమే.

నైటింగేల్ 1859లో ఇంటి ఆడవాళ్ల కోసం నోట్స్ ఆన్ నర్సింగ్ అనే చిన్న పుస్తకం రాసింది. అందులో ఒక అధ్యాయమంతా చిన్న చిన్న ఏర్పాట్ల గురించే. మీరు దగ్గరున్నప్పుడు జరిగే పని మీరు లేనప్పుడు కూడా జరుగుతుందా అన్నదే ఆ అధ్యాయపు సారం. మన ఇళ్లలో మందుల లెక్కంతా సాధారణంగా ఒక్క మనిషి తలలో ఉంటుంది. ఎక్కువసార్లు అది ఇల్లాలి తల. ఆమె పెళ్లికో పురిటికో ఊరెళ్లిన రోజున నాన్నగారి రాత్రి మాత్ర తప్పిపోతుంది. ఆమెకే జబ్బు చేస్తే ఆసుపత్రిలో ఏం మందులు వాడుతున్నారని అడిగినప్పుడు తెల్లగా ఒకటి, గులాబీ రంగులో ఒకటి అని చెబుతాం. డ్యూటీ డాక్టరుకు ఆ జవాబు ఎందుకూ పనికిరాదు. ఒక కాగితం మీద మనిషి పేరు, జబ్బు, అసలు మందు పేరు, మోతాదు, ఏ పూట, పడని మందులేమైనా ఉంటే అవి రాసి గూటి తలుపుకు లోపలివైపు అతికించండి. దాన్నే ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. డాక్టరు మందు మార్చిన రోజే కాగితం మార్చాలి. అలా మార్చని చిట్టా అసలు లేనిదానికంటే ప్రమాదం.

యాత్రకు వెళ్లేటప్పుడు రెండు వాటాలు చేయండి. ఎక్కువ భాగం బ్యాగులో పోయినా, ఆ రోజుకూ మర్నాటికీ కావలసినవి మనిషి ఒంటిమీదే ఉండాలి. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర, ఆయాసానికి పీల్చే మందు, షుగరు తగ్గితే నోట్లో వేసుకునే గ్లూకోజు లేదా పంచదార, ఇవి లగేజీ కౌంటరుకు ఇచ్చేవి కావు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఎన్ని గంటలు కూర్చోవాలో ముందు చెప్పలేం కదా, అక్కడా అంతే. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో పెడితే పాడైపోతుంది. గుండె జబ్బు, ఆయాసం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు మెట్లదారి కాక బస్సులో వెళ్లడమే మేలు. మొక్కు ఉందంటే, వెళ్లేముందు డాక్టరుతో ఒక మాట అనుకోండి. నడకదారిలో ప్రథమ చికిత్స కేంద్రాలున్నాయి, కొండమీద దేవస్థానం అశ్విని ఆసుపత్రి ఉంది. అక్కడివాళ్లు మొదట అడిగేది ఆ కాగితమే.

రాని దేశం, చదివిన దేశం

నైటింగేల్ మన దేశానికి ఎన్నడూ రాలేదు. కానీ ఆమె జీవితంలో చాలా ఏళ్లు మన దేశం కోసం పనిచేసింది. భారత్‌లోని బ్రిటిష్ సైనికుల్లో ఏటా ప్రతి 1,000 మందికి 69 మంది చనిపోతున్నారని, అదీ ఎక్కువగా జబ్బులతోనని 1863లో వచ్చిన కమిషన్ నివేదిక చెప్పింది. దాని వెనుక ఉన్నది ఆమే. సైనిక స్టేషన్లన్నిటికీ ప్రశ్నల పత్రం పంపించింది. నీళ్లెక్కడివి, మురుగెక్కడికి పోతుంది, బ్యారక్‌లో మనిషికి ఎంత జాగా అని. వచ్చిన జవాబుల కట్టలు ఆమె గదిలో బండ్లకొద్దీ పేరుకున్నాయి. పదేళ్లకు ఆ మరణాలు 1,000కి 18కి దిగాయని 1873లో ఆమే లెక్క చెప్పింది.

సైనికుల నుంచి ఆమె చూపు ఊళ్ల మీదికి మళ్లింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని తుడిచిపెట్టిన కరవును మన రాయలసీమ పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేవారు. అప్పట్లో తిరుపతి, చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. జనం ఆకలితో పోతుంటే దేశం నుంచి ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది. ఆ కరవు మీద ఆమె 1878లో ఘాటైన వ్యాసం రాసింది. గోదావరి మీద ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌కు గట్టి మద్దతుగా నిలిచి, కాలువలు తవ్వమని మంత్రులకు, వైస్రాయిలకు ఉత్తరాలు రాస్తూనే ఉంది. సరుకు ఉన్నచోటికీ కావలసిన చోటికీ మధ్య దూరం ఆమెకు స్కుటారిలోనే తెలుసు.

1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరుతో మొదలైన నర్సుల బడి ప్రపంచమంతా పాకింది. ఆమె పుట్టినరోజు మే 12ను అంతర్జాతీయ నర్సుల దినంగా చేసుకుంటున్నాం. చివరి ఏళ్లలో చూపు పోయింది, జ్ఞాపకం కూడా సన్నగిల్లింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు, ఆ గౌరవం అందుకున్న మొదటి స్త్రీ ఆమే. 1910 ఆగస్టు 13న, తొంభయ్యో ఏట, లండన్‌లో కన్నుమూసింది. వెస్ట్‌మిన్‌స్టర్ అబేలో సమాధి చేస్తామంటే కుటుంబం వద్దంది, ఆమెకు ఆర్భాటం ఇష్టం లేదని. ఈస్ట్ వెల్లో అనే పల్లెటూరి చర్చి పక్కన తల్లిదండ్రుల చోటే ఆమెకూ చోటిచ్చారు. రాతి మీద ఆమె కోసం చెక్కినవి ఎఫ్.ఎన్. అనే రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ.